నడుమునొప్పి - కారణాలు, చికిత్స: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల శ్రామికజీవన నేపథ్యం

వ్యాససంగ్రహం:

నడుమునొప్పిని ఎముక అరుగుదలగానో, నరం నొక్కుకుపోవడంగానో వివరించడం వాడుకభాషలోనూ వైద్యశాలల్లోనూ స్థిరపడిపోయింది. నొప్పితో వచ్చేవారిలో నూటికి తొంభై మంది విషయంలో ఫలానా భాగమే కారణమని చూపలేమని ఆధునిక పరిశోధన చెబుతున్నది. పూర్వపు వరంగల్ జిల్లా ప్రాంతమైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో నాట్లు, మిర్చి ఏరడం, కల్లుగీత, బొగ్గుతవ్వకం, హమాలీ పని ప్రధాన జీవనాధారాలు. ఈ పనుల్లో నడుముపై పడే భారాన్ని, నొప్పికి ప్రజలు వాడే మాటలను, అందుబాటులో ఉన్న చికిత్సలను కలిపి పరిశీలించి, పని జరిగే తీరును పక్కనపెట్టి నొప్పిని శరీరంలోనే వెతికే వైద్యం ఎందుకు విఫలమవుతున్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నడుమునొప్పి, వెన్నుపూస, డిస్క్, నాట్లు, మిర్చి, గీతవృత్తి, బొగ్గుగని, గృధ్రసి, ఎంఆర్ఐ, గ్రామీణ వైద్యం.

1. ప్రవేశిక

పనికి పూనుకోవడాన్ని తెలుగులో నడుం బిగించడం అంటారు. కాసేపు విశ్రమించడం నడుం వాల్చడం. కోలుకోలేని నష్టం జరిగితే నడుం విరిగిందంటారు. శ్రమకు, విశ్రాంతికి, నష్టానికి భాష ఒకే అవయవాన్ని ఆశ్రయించింది. ఈ పలుకుబళ్లను పుట్టించిన సమాజం వంగి పనిచేసే సమాజమని వేరే చెప్పనక్కరలేదు.

2016 అక్టోబరు 11న ఏర్పడిన మూడు జిల్లాల్లో ఆ పని మూడు తీరులుగా కనిపిస్తుంది. జనగామ మెట్టప్రాంతం; వరి, పత్తి సాగుతోపాటు తాటివనాలను నమ్ముకున్న గీతకార్మికులు అక్కడ ఎక్కువ. మహబూబాబాద్ మిర్చికి పేరుపొందింది. మహబూబాబాద్, కేసముద్రం మార్కెట్ల చుట్టూ ఏరేవారు, మోసేవారు వేలల్లో జీవిస్తున్నారు. భూపాలపల్లిలో సింగరేణి సంస్థకు చెందిన కాకతీయ గనులున్నాయి. గోదావరి వైపు సాగితే మళ్లీ పత్తి, మిర్చి చేలే. ఈ మూడు చోట్లా నడివయసు దాటిన శ్రామికుల్లో నడుమునొప్పి మాట ఎత్తనివారు అరుదు.

ఇది ఈ ప్రాంతానికే పరిమితమైన బాధ కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుమునొప్పితో బాధపడుతున్నట్లు ప్రపంచ వ్యాధిభార అధ్యయనం అంచనా వేసింది. 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చునన్నది. మనిషిని చంపకుండా పనికి దూరం చేసే అనారోగ్యాల్లో దీనిదే ప్రథమస్థానం. ఆ భారంలో దాదాపు 39 శాతాన్ని వృత్తి, పొగతాగడం, అధిక బరువు అనే మూడు కారణాలకు కలిపి ఆపాదించారు. ఈ మూడింటిలో నాటువేసే స్త్రీకి వర్తించేది సాధారణంగా మొదటిది ఒక్కటే.

2. వంగిన నడుములో జరిగేది

నడుములో ఐదు వెన్నుపూసలుంటాయి. వాటి కింద త్రికాస్థి. పూసకూ పూసకూ మధ్య మెత్తలాంటి డిస్క్ ఉంటుంది. దాని లోపలి భాగం నీటిని పీల్చుకొనే జిగురు పదార్థం. చుట్టూ ఉల్లిపొరల్లా అల్లుకొన్న పీచుకట్టు. పెద్దవారి డిస్క్ లోపలికి రక్తనాళాలు వెళ్లవు. బరువు పడినప్పుడు నీరు బయటికి పోయి, బరువు తగ్గినప్పుడు లోపలికి వస్తుంది. పోషకాలు పొరుగు కణజాలం నుంచి ఊరి చేరవలసిందే. డిస్క్‌కు కదలిక మేలు చేస్తుందనడానికి ఇదొక ఆధారం. వెలుపలి పీచుకట్టులో నొప్పిని గ్రహించే నాడులుంటాయి, లోపలి జిగురులో మామూలుగా ఉండవు.

రాత్రి పడుకొన్నప్పుడు డిస్క్‌లు నీరు పీల్చుకొని ఉబ్బుతాయి. అందుకే ఉదయాన మనిషి ఎత్తు సాయంత్రం కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ. ఉబ్బిన డిస్క్ బిగువుగా ఉంటుంది, కనుక నిద్రలేచిన తొలి గంటలో వంగితే పీచుకట్టుపై ఒత్తిడి మిగిలిన వేళల కంటే ఎక్కువగా పడుతుంది. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారు తెల్లవారుజామున వంగడం తగ్గించుకొంటే నొప్పి తగ్గినట్లు స్నూక్ బృందం 1998లో ప్రచురించింది. పల్లెలో స్త్రీ తొలి గంట ఎలా గడుస్తుందో ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వాకిలి ఊడ్వడం, సాన్పు చల్లడం, ముగ్గువేయడం, అంట్లు తోమడం అన్నీ వంగి చేసేవే. నాటుకు పోయేముందే ఆమె నడుము ఒక పూట పని ముగించి ఉంటుంది.

నాటు విషయానికి వస్తే, చేతిలో ఉన్నది గుప్పెడు నారు. బరువు ఏమీ లేనట్లే కనిపిస్తుంది. నడుముకు పైనున్న శరీరభాగం బరువు మొత్తం బరువులో సగానికి పైబడి ఉంటుంది. మనిషి నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు పూసలపై నిలువుగా పడుతుంది. పూర్తిగా వంగినప్పుడు అది తక్కెడలో ఒక పళ్లెంలా ముందుకు వేలాడుతుంది. రెండో వైపు దాన్ని పట్టి ఉంచే వెనుక కండరాలు పూసకు ఐదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. పొట్టి కాడతో పొడవు కాడను నిలబెట్టినట్లు, అవి వేలాడే బరువుకు ఐదారు రెట్ల బలంతో లాగాలి. ఉత్త చేతులతో వంగినా నడుము మోసేది నూరు కిలోలు దాటుతుందన్న మాట.

మరొక సంగతి ఉంది. మనిషి పూర్తిగా వంగినప్పుడు వెన్ను కండరాలు ఒక దశలో పని మానేస్తాయని 1950లలో ఫ్లాయిడ్, సిల్వర్ అనే పరిశోధకులు విద్యుత్ సంకేతాలను కొలిచి చూపారు. అప్పుడు భారాన్ని మోసేవి స్నాయువులు, డిస్క్ వెనుకభాగం. స్నాయువులు నెమ్మదిగా సాగుతాయి. ఇరవై నిమిషాలు వంగి ఉన్నాక లేచి నిలబడితే ఆ సాగుదల పూర్తిగా పోవడానికి అంతే సమయమో, అంతకు మించో పడుతుంది. ఆ వ్యవధిలో వెన్ను వదులుగా, కండరాల ప్రతిస్పందన మందంగా ఉంటుంది. పొద్దంతా వంగి నాటువేసి, గట్టుమీదికి వచ్చిన వెంటనే నారుమూటో నీళ్లబిందెనో ఎత్తినప్పుడు ‘కలుక్కుమంది’ అని స్త్రీలు చెప్పే అనుభవానికి ఇది సరిపోయే వివరణ. తప్పు ఎత్తిన బిందెది మాత్రమే కాదు. అంతకుముందు గడిచిన గంటలది.

3. అరుగుదల, గ్యాప్, జారిన డిస్క్: మాటలు చేసే పని

1934లో మిక్స్‌టర్, బార్ అనే అమెరికన్ శస్త్రవైద్యులు డిస్క్ చిట్లి నరాన్ని ఒత్తడం వల్ల కాలిలోకి నొప్పి పాకుతుందని నిరూపించారు. గొప్ప ఆవిష్కరణ అది. అయితే దాని నీడలో నడుమునొప్పులన్నీ డిస్క్ నొప్పులైపోయాయి. ఎంఆర్ఐ యంత్రం వచ్చాక ఆ నమ్మకానికి బొమ్మ కూడా దొరికింది.

ఆ బొమ్మ ఎంత నిజం చెబుతుంది? నొప్పి లేని 3,110 మంది స్కానింగులను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, యాభై ఏళ్లవారిలో 80 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్క్ క్షీణత కనిపించింది. వీరెవరికీ నొప్పి లేదు. అంటే యాభై ఏళ్ల మనిషి స్కానింగులో డిస్క్ మార్పు కనిపించడం తలలో తెల్లవెంట్రుక కనిపించడం వంటిదే. అదే నొప్పికి కారణమని తేల్చాలంటే నొప్పి దారి, నాడీపరీక్ష, స్కానింగు మూడూ ఒకే మాట చెప్పాలి.

నడుమునొప్పితో వచ్చినవారిలో పదిమందికి తొమ్మిది మంది విషయంలో అలా జరగదు. వైద్యశాస్త్రం దీన్ని నిర్దిష్ట కారణం చూపలేని నడుమునొప్పి అంటుంది. ఈ పేరు రోగికీ వైద్యునికీ ఇద్దరికీ రుచించదు. కారణం లేదంటే నొప్పి లేదన్నట్లు వినిపిస్తుంది. అందుకే దాని స్థానంలో తెలుగు వాడుక తన సొంత పరిభాషను తయారుచేసుకొన్నది: ‘పూసల మధ్య గ్యాప్ వచ్చింది’, ‘బొక్క అరిగింది’, ‘డిస్క్ జారింది’, ‘నరం ఒత్తుకుపోయింది’. వీటిలో గ్యాప్ అనేది విచిత్రమైన మాట. డిస్క్ క్షీణిస్తే పూసల మధ్య ఖాళీ తగ్గుతుంది, పెరగదు. అయినా గ్యాప్ వచ్చిందన్న మాట జనగామ నుంచి కాటారం దాకా వినిపిస్తుంది. గ్యాప్ వచ్చిందని విన్న మనిషి తన వెన్ను ఊడిపోయే గొలుసని ఊహించుకొంటాడు. వంగడానికి, నడవడానికి, చివరికి తుమ్మడానికి భయపడతాడు. భయం కదలికను తగ్గిస్తుంది, కదలిక తగ్గితే కండరం బలహీనపడుతుంది, బలహీనపడిన కండరం చిన్న పనికే నొప్పిపెడుతుంది. నొప్పి భయం నొప్పినే పెంచే ఈ చక్రాన్ని గత నాలుగు దశాబ్దాల పరిశోధన స్పష్టంగా గుర్తించింది. స్కాట్లాండ్‌కు చెందిన శస్త్రవైద్యుడు గార్డన్ వాడెల్ 1987లోనే నడుమునొప్పిని శరీరం, మనసు, సమాజం కలిసిన సమస్యగా చూడాలని ప్రతిపాదించాడు. నిద్రలేమి, దిగులు, అప్పు ఒత్తిడి నాడీవ్యవస్థ నొప్పిని గ్రహించే తీరును మారుస్తాయి. 1998లో పత్తిరైతుల ఆత్మహత్యలతో దేశం దృష్టికి వచ్చిన వరంగల్ ప్రాంతంలో ఈ మాటకు అదనపు వ్యాఖ్యానం అవసరం లేదు.

ఇక్కడ ఒక ప్రతివాదాన్ని దాటవేయకూడదు. ఫిన్లాండ్‌లో కవలలపై జరిగిన దీర్ఘకాల అధ్యయనాలు డిస్క్ క్షీణతలో వృత్తిభారం కంటే వంశపారంపర్యం పాత్రే ఎక్కువని తేల్చాయి. బరువులెత్తడం, వంగడం నొప్పికి స్వతంత్ర కారణాలని నిరూపించడం కష్టమని చెప్పిన సమీక్షలూ ఉన్నాయి. వీటిని తోసిపుచ్చనక్కరలేదు. అవి ప్రధానంగా సంపన్న దేశాల శ్రామికులపై జరిగాయి. నొప్పి వచ్చినప్పుడు సెలవు, పనిమార్పిడి, భృతి దొరికే వ్యవస్థలవి. అక్కడ ప్రశ్న డిస్క్ ఎందుకు అరిగిందన్నది. ఇక్కడ ప్రశ్న వేరు. ఒకసారి నొప్పి వచ్చిన నడుము మానడానికి పని ఎందుకు వ్యవధి ఇవ్వడం లేదన్నది.

కొలమానాల్లోనూ ఈ తేడా ఉంది. నడుమునొప్పి వల్ల కలిగే అశక్తతను కొలవడానికి ప్రపంచమంతటా వాడే ఓస్వెస్ట్రీ సూచిక 1980లో ప్రచురితమైంది. అందులోని పది అంశాల్లో నడక, కూర్చోవడం, నిలబడడం, ప్రయాణం, నిద్ర ఉన్నాయి, కూర్చోవడమంటే కుర్చీలో. గొంతుకూర్చోవడం లేదు, వంగి పనిచేయడం ప్రత్యేకాంశంగా లేదు. కుర్చీలో హాయిగా కూర్చోగలిగి, ఒక్క సాలు కూడా నాటలేని స్త్రీకి ఆ సూచికలో వచ్చే అంకె ఆమె నష్టాన్ని చెప్పదు. భాషాశాస్త్రం, జానపద విజ్ఞానం, సామాజికశాస్త్రం చదివినవారు వైద్యులతో కలిసి చేయదగిన పని ఇక్కడ ఎంతో ఉన్నది.

4. మూడు జిల్లాల పనిపాటలు

నాట్లలో నడుమును దెబ్బతీసేది వంగడం ఒక్కటే కాదు, గుత్త. ఎకరానికి ఇంత అని కూలి మాట్లాడుకొన్న గుంపు ఎంత త్వరగా ముగిస్తే మరుసటి మడికి అంత త్వరగా పోగలదు. నాట్ల అదును కొద్ది వారాలే. ఆ వారాల్లో సంపాదించినది యాసంగి దాకా సాగాలి. వరుసలో ఒకరు లేచి నడుము చాపితే సాలు వెనుకబడుతుంది, పక్కవారు మాటంటారు. పది నిమిషాలకొకసారి నిటారుగా నిలబడమని వైద్యుడు చెప్పడం తేలిక. దినకూలీలో అది కొంత సాధ్యం, గుత్తలో అసాధ్యం.

మిర్చి ఏరడం ఇంకొక రకం. చెట్టు మోకాలెత్తునో నడుమెత్తునో ఉంటుంది. వంగడం సగమే, కానీ అలా సగం వంగి నిలిచినప్పుడు వెన్ను కండరాలకు విరామం ఉండదు. పూర్తిగా వంగితే స్నాయువులు మోస్తాయి. సగం వంగితే కండరం ఎడతెగక బిగిసి ఉండాలి. బిగిసిన కండరానికి రక్తప్రసరణ తగ్గుతుంది, సాయంత్రానికి ‘నడుములు గుంజుతున్నయ్’ అంటారు. పత్తి ఏరడంలో ఒడి నిండేకొద్దీ ఆ బరువు ముందువైపు వేలాడుతుంది. పని మోతాదు కిలోల్లో లెక్కించేచోట మళ్లీ అదే పరుగు.

ఏరిన మిర్చి బస్తాగా మారి మార్కెట్‌కు చేరాక హమాలీ వంతు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం అన్నీ అనుకూలించిన స్థితిలో కూడా ఎత్తదగిన బరువు 23 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగవారికి 55 కిలోలను గరిష్ఠంగా సూచించింది. కొనుగోలు కేంద్రంలో ధాన్యం బస్తా 40 కిలోలు, యూరియా బస్తా 45, సిమెంటు బస్తా 50. రెండో కొలత ప్రకారం ఇవన్నీ సబబే. మొదటి కొలత ప్రకారం ఒక్కటీ కాదు. రోజుకు ఎన్ని బస్తాలు, ఎంత ఎత్తుకు, ఎంత తిరిగి వేయాలన్న ప్రశ్నలకు ఒక్క అంకె సమాధానం చెప్పదు.

గీతకార్మికుని నడుము వేరే పరీక్షకు గురవుతుంది. మోకుకు వీపు ఆనించి, ముస్తాదు బలంతో తాడెక్కి, చెట్టుపై రెండు చేతులూ వదిలి గీత గీస్తాడు. రోజుకు పలుమార్లు ఎక్కి దిగడంలో నడుము కింది భాగం మోకు ఒరిపిడికి గురవుతుంది. అసలు ప్రమాదం అక్కడ కాదు. పట్టు తప్పితే పడేది పది, పదిహేను మీటర్ల ఎత్తునుంచి. పాదాలపైనో పిరుదులపైనో పడినప్పుడు ఛాతీ, నడుము కలిసే చోట పూస నలిగి, వెన్నుపాము దెబ్బతిని, కాళ్లు చచ్చుబడతాయి. అలా పడినవారిని లేపి కూర్చోబెట్టడం, భుజాన వేసుకొని తేవడం మిగిలిన నాడులను కూడా తెంపవచ్చు. తలుపుచెక్కపై కదలకుండా పడుకోబెట్టి తేవడమే ప్రథమచికిత్స. 2024 జులైలో రాష్ట్రప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో భద్రతా పరికరాల పంపిణీ ప్రారంభించింది. నడుమునొప్పిపై జరిగిన నివారణ చర్యల్లో పరికరాన్ని మార్చిన అరుదైన ఉదాహరణ ఇది.

భూపాలపల్లి గనుల్లో పాత తరం తట్ట, చెమ్మాస్‌తో బొగ్గు నింపిన తరం. ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాక నింపే పని తగ్గింది. పైకప్పు తక్కువ ఉన్నచోట వంగి నడవడం, ఏటవాలు దారులు, దిమ్మెలు, ఇనుపసామాను మోయడం పోలేదు. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడిపేవారికి మరో భారం తోడైంది. కూర్చొన్న మనిషి వెన్ను సెకనుకు నాలుగైదు సార్లు కదిలే కంపనానికి అన్నిటికంటే ఎక్కువగా స్పందిస్తుంది. గతుకుల దారిలో డంపర్, ట్రాక్టర్, వరికోత యంత్రం పుట్టించే కుదుపులు అటువంటివే. సీటు బాగుచేయడం, దారి చదును చేయడం ఇక్కడ మాత్రల కంటే మేలైన మందు.

గనిలో నొప్పికి ఒక పాలనాపరమైన జీవితం కూడా ఉంది. వైద్యపరంగా అనర్హుడని తేలిన కార్మికుని వారసునికి ఉద్యోగమిచ్చే విధానం సింగరేణిలో ఉన్నందున, నడుమునొప్పి నిజమా నటనా అన్న అనుమానం ఎప్పుడూ వెంటాడుతుంది. కంటికి కనిపించని నొప్పికి సాక్ష్యంగా స్కానింగు కాగితం కావలసివస్తుంది. వైద్యపరంగా అక్కరలేని ఎంఆర్ఐని రోగి ఎందుకు కోరుకొంటాడో ఇక్కడ అర్థమవుతుంది. అతనికి అది రోగనిర్ధారణ కాదు, రుజువు.

5. ఆలస్యం చేయకూడని లక్షణాలు

నూటిలో కొందరికి నడుమునొప్పి వెనుక స్పష్టమైన జబ్బు ఉంటుంది. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి విశ్రాంతిలోనూ తగ్గని నొప్పి ఉంటే వెన్నుపూస క్షయను అనుమానించాలి. మనదేశంలో అది అరుదు కాదు. ఇలాంటి జ్వరం గొర్రెలు, మేకలు కాసే గొల్లకురుమల్లో కనిపిస్తే బ్రూసెల్లా సూక్ష్మజీవిని కూడా గుర్తుంచుకోవాలి. ఈనిన జీవాల మాయను ఉత్తచేతులతో ముట్టుకోవడం, కాచని పాలు తాగడం వల్ల అది సోకి వెన్నుపూసల్లో చేరుతుంది. రోగి వృత్తి అడగని వైద్యుడు దీన్ని సులభంగా జారవిడుస్తాడు. నలభై ఏళ్లలోపు యువకునికి ఉదయాన అరగంటకు మించి వెన్ను బిగిసిపోయి, నడిచాక సడలితే అది వాతపు వాపు. దానికి వేరే మందులున్నాయి.

మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడడం అత్యవసర స్థితి. వెన్నుపాము కింది నరాల కట్ట నలుగుతున్నదన్న మాట. అదే రోజు శస్త్రచికిత్స సదుపాయమున్న ఆసుపత్రికి చేరాలి.

జనగామ విషయంలో ఫ్లోరోసిస్‌ను విడిగా చెప్పాలి. 1950ల తొలినాళ్ల వరకు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది; నల్లగొండ భూగర్భజలాల ఫ్లోరైడ్ సమస్య దేశమంతటికీ తెలిసినదే. అస్థి ఫ్లోరోసిస్‌ను మనదేశంలో తొలిసారి వివరించింది కూడా తెలుగునేలపైనే. అప్పటి నెల్లూరు జిల్లాకు చెందిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల రోగుల గురించి 1937లో ప్రచురించారు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే, ఏళ్లు గడిచేకొద్దీ వెన్ను స్నాయువులు ఎముకలా గట్టిపడి వంగడమే సాధ్యం కాదు. నొప్పితో పాటు వెన్ను కర్రలా బిగిసిన వృద్ధునికి డిస్క్ చికిత్స చేయడం వృథా. మిషన్ భగీరథ నీరు వచ్చాక కొత్తగా తాగేవారికి ముప్పు తగ్గినా, పాత బోర్ల నీటితో పెరిగిన ఎముకలు పాతవే.

6. చికిత్స: ఊరి నుంచి శస్త్రశాల దాకా

నడుము పట్టినప్పుడు ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత తొక్కించడం తెలుగునాట పాత ఆచారం. జిల్లేడాకుకు ఆముదం రాసి వేడిచేసి కట్టడం, వావిలాకు కాపడం, ఇసుకమూట కాపడం ఇంకా ఉన్నాయి. కొత్తగా వచ్చిన నొప్పి చాలామందిలో ఆరు వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది; ఆ వ్యవధిలో ఏది చేస్తే దానికి పేరు దక్కుతుంది. కాపడం కండరాన్ని సడలిస్తుంది, హాని లేదు. తొక్కించడం మాత్రం ఎముకలు పలచబడ్డ వృద్ధులకు, పడి దెబ్బతిన్నవారికి ప్రమాదం. పిరుదు నుంచి పిక్క, పాదం వరకు పాకే నొప్పిని చరకసంహిత వాతవ్యాధుల్లో గృధ్రసిగా గుర్తించింది; గద్దనడకను తలపించే రోగి నడకే ఆ పేరుకు మూలమంటారు. నిజాం కాలపు యునానీ హకీములు దాన్నే ఇర్క్-ఉన్-నసా అన్నారు. నడుములోనే ఉండే నొప్పి వేరు, కాలిలోకి దిగే నొప్పి వేరు అన్న విభజన ఈ సంప్రదాయాల్లో ఉండడం గమనార్హం. నేటికీ మొదట అడగవలసిన ప్రశ్న అదే.

కూలిపనికి పోయేవారికి మొదట దొరికేది గ్రామీణ వైద్యుడు. అతడు ఊళ్లో ఉంటాడు, అప్పుకు వైద్యం చేస్తాడు, రాత్రి పిలిస్తే వస్తాడు. అతనిచ్చే నొప్పి సూది మరునాటి కూలిని నిలబెడుతుంది. చిక్కంతా పునరావృతిలో ఉంది. ఎండలో చెమటోడ్చి నీరు తక్కువైన శరీరంలో డైక్లోఫినాక్ వంటి మందులు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కడుపులో పుండ్లు చేస్తాయి. స్టెరాయిడ్ సూదులు అదేపనిగా తీసుకొంటే ఎముక బోలుపడి, చిన్న కుదుపుకే పూస నలుగుతుంది. పిరుదులో తప్పుచోట గుచ్చిన సూది తుంటినరాన్నే గాయపరచి పాదం వాలిపోయేలా చేస్తుంది. నడుమునొప్పికి వేసిన సూదే కాలినొప్పికి కారణం కావడం వైద్యులు తరచుగా చూసే విషాదం.

పెద్దాసుపత్రి సలహాలూ అన్నీ నిలబడలేదు. ఒకప్పుడు వారాల తరబడి మంచంపట్టమనేవారు. 1986లో అమెరికాలో 203 మందిపై జరిగిన పరీక్షలో ఏడు రోజుల విశ్రాంతి కంటే రెండు రోజుల విశ్రాంతితోనే రోగులు త్వరగా పనికి వెళ్లారు. 1995లో హెల్సింకీ నగర ఉద్యోగులపై జరిగిన పరీక్షలో మంచంపై విశ్రాంతి, వ్యాయామం రెండింటికంటే ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకోవడమే మేలని తేలింది. 2014లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన కొత్త నడుమునొప్పికి పారాసిటమాల్ ఉత్తమాత్ర కంటే మెరుగు కాదన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక నొప్పికి అవగాహన కలిగించడం, వ్యాయామం, మర్దన, మానసిక చికిత్సలను సమర్థించాయి. నడుముబెల్టులు, వెన్నును లాగే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ సెగ, ఓపియాయిడ్ మందులను వద్దన్నాయి. వద్దన్న వాటిలో మొదటి మూడూ పట్టణ ఫిజియోథెరపీ కేంద్రాల్లో ఇప్పటికీ నిత్యకృత్యాలు. 2024లో వెలువడిన మరో పరీక్షలో 701 మంది పాల్గొన్నారు. నొప్పి తగ్గాక క్రమంగా నడక పెంచుకొన్నవారికి నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టగా, మిగతావారికి 112 రోజులే పట్టింది. నడక ఖర్చులేని మందు. పొలానికి పోయివచ్చే నడక సరిపోదా అని రోగులు అడుగుతారు. నొప్పి లేని వేళ, బరువు లేకుండా, సొంత వేగంతో నడిచే నడక వేరు.

శస్త్రచికిత్స స్థానం పరిమితం, కానీ నిజమైనది. డిస్క్ నరాన్ని ఒత్తి కాలినొప్పి ఆరు వారాలకు మించి తగ్గకపోతే, పాదం బలహీనపడుతుంటే అది అవసరం. నెదర్లాండ్స్‌లో 283 మందిపై జరిగి 2007లో ప్రచురితమైన పరీక్షలో త్వరగా శస్త్రచికిత్స చేయించుకొన్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి వేచిచూసినవారూ వారితో సమానమయ్యారు, అయితే వేచిచూసినవారిలో 39 శాతం చివరకు శస్త్రచికిత్సకే వెళ్లారు. బయటికి వచ్చిన డిస్క్ ముక్కను శరీరం తనంతట తాను కరిగించుకోగలదు. పెద్దముక్క కరిగే అవకాశమే ఎక్కువన్నది చాలామందికి ఆశ్చర్యం కలిగించే వాస్తవం. నడుములోనే ఉండి కాలిలోకి దిగని నొప్పికి శస్త్రచికిత్స ఫలితాలు ఇంత బాగుండవు.

స్త్రీల విషయంలో మరో శస్త్రచికిత్సను విడిచిపెట్టకూడదు. నడుమునొప్పి, తెల్లబట్ట కలిసి ఉంటే గర్భసంచి పాడైందని చెప్పి తీసివేయడం తెలుగు పల్లెల్లో దీర్ఘకాలంగా సాగుతున్నది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో ఈ శస్త్రచికిత్సను తొలిసారి విస్తృతంగా లెక్కించినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందువరుసలో నిలిచాయి. నాట్లవల్ల వచ్చిన నొప్పి గర్భసంచి తీస్తే పోదు. అండాశయాలను కూడా తొలగిస్తే హార్మోను ఆగిపోయి, నలభై ఏళ్లకే ఎముకలు బోలుపడతాయి. కొత్త నడుమునొప్పి మొదలవుతుంది. ఇందుకు భిన్నంగా, సిజేరియన్ సమయంలో నడుముకిచ్చిన మత్తుసూదిని తరువాతి నొప్పికంతటికీ కారణంగా భావించడం కూడా అంతే విస్తృతం. సూది పోటు కొద్దిరోజులు నొప్పిపెట్టవచ్చు గాని, ఏళ్లతరబడి నొప్పికి అది కారణమన్న ఆధారం లేదు. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్‌లే, కనుక నడుమునొప్పి ఉన్న తల్లుల్లో ఎక్కువమందికి ఆ సూది పడి ఉండడం లెక్కప్రకారం సహజమే. బిడ్డను ఎత్తుకోవడం, పాలిచ్చే భంగిమ, సాగిన పొట్టకండరాలు, ముందుగానే పనికి పోవడం అసలు కారణాలుగా మిగిలిపోతాయి.

7. పనిని మార్చడం

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమయ్యాయి. అంతకుముందు పెద్ద వైద్యానికి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రే దిక్కు. నాట్ల రోజుల్లో ఒక స్త్రీ వరంగల్ పోయిరావడమంటే ఒక రోజు కూలి, ఛార్జీలు, తోడు వచ్చినవారి కూలి. ఆసుపత్రి దగ్గరికి రావడం వల్ల ఆ నష్టం కొంత తగ్గింది. రోగి చీటీపై వృత్తి అన్న గడిలో ‘కూలి’ అని రాసి ఊరుకోకుండా నాటా, మిర్చా, పత్తా, హమాలీయా, రోజుకెన్ని గంటలు, దినకూలీయా గుత్తా అని రాసుకొంటే, మూడు జిల్లాల నడుమునొప్పికి తొలి పటం ఆ గదుల్లోనే తయారవుతుంది. ఈ వివరం లేకుండా ఇచ్చే వంగవద్దన్న సలహాకు అర్థం, పని మానుకొమ్మని.

వంగకుండా వరి పండించే మార్గాలు లేకపోలేదు. డ్రమ్ సీడర్‌తో మొలకెత్తిన విత్తనాన్ని వరుసల్లో వేయవచ్చు. వెదజల్లే పద్ధతిలో నారు, నాటు రెండూ ఉండవు. నాటు యంత్రాలు కూడా వచ్చాయి. కూలీల కొరతతో రైతులు వీటివైపు మొగ్గుతున్నారు. నేరుగా విత్తిన మడిలో కలుపు ఎక్కువ. కలుపుతీత కూడా వంగి చేసే పనే, దాన్ని మందు పిచికారీతో తప్పిస్తే ఆ కూలి పోతుంది, డబ్బాను వీపున మోసి పిచికారీ చేసే పని సాధారణంగా మగవారికి వెళుతుంది. నాటు గుంపుగా ఏటా ఊళ్లు తిరిగే స్త్రీలకు వానాకాలపు ఆదాయంలో పెద్దవాటా ఆ కొద్ది వారాలదే. పొడవుకాడ గుద్దలి, చక్రాల కలుపుయంత్రం వంటి పనిముట్లను వారి చేతికే ఇచ్చి నిలబడి చేసే పనిగా కలుపుతీతను మార్చిన చోట నడుముకు ఊరట, కూలి రెండూ మిగులుతాయి. ఒక్కో మడికి గంటకోసారి అందరూ కలిసి లేచి నిలబడే విరామాన్ని గుత్త మాట్లాడుకొనేటప్పుడే చేర్చుకోవడానికి ఖర్చేమీ లేదు. సాలు వెనుకబడిందన్న మాట అప్పుడు ఏ ఒక్కరిపైనా పడదు.